నీలం పడ్డ పొలం

మా మెరిబుల్ ఊరి హాల్లో కౌన్సిల్ వాళ్లు గోడకు పటం అంటించిన రోజు ఊరు ఊరంతా అక్కడే ఉంది. ఫుట్‌బాల్ ఫైనల్ రోజున కూడా అంతమంది పోగవలేదు. కొనేవాళ్లంతా హాల్లో ఉంటే నేను బేకరీలో కూర్చుని ఈగలు తోలుకోవడం ఎందుకని కొట్టుకు తాళం వేసి నేనూ వెళ్లాను. నాకు మెరిబుల్లో సెంటు భూమి లేదు. కొట్టు అద్దెది, దాని మీద ఉన్న రెండు గదులూ అద్దెవే. అంచేత ఆ పటంలో నాకు ఏ రంగూ పడే ప్రమాదం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పగలిగేది ఊళ్లో నేనొక్కదాన్నే కావడానికి కారణం అదే గాని నా మంచితనం కాదు.

సంగతేమిటంటే, మెల్‌బోర్న్ నగరం ఏటేటా మా వైపు జరుగుతూ జరుగుతూ చివరికి మా కంచెల దాకా వచ్చింది. ఇక ఇక్కడ వేల ఇళ్లు లేస్తాయి. ఇళ్లు లేచాక రోడ్ల కోసం వెతుక్కుంటే ఏమవుతుందో పక్క ఊరిని చూసి తెలుసుకున్నారు. అక్కడ ఉన్న ఒక్క రోడ్డు మీద జనం పొద్దున్నే కార్లలో కదలకుండా కూర్చుని, ఇంట్లో తినాల్సిన టోస్టు అక్కడ తింటారు. అందుకని మాకు మాత్రం ముందే పటం గీశారు. రోడ్డు ఇక్కడ, బడి ఇక్కడ, ఆటస్థలం ఇక్కడ, వాననీళ్లు పట్టే చెరువు ఇక్కడ అని. పొలాలు కొని ఇళ్లు కట్టే కంపెనీలు హెక్టారుకింత అని కౌన్సిల్ నిధికి కట్టాలి, ఆ నిధితో ఇవన్నీ రావాలి. వినడానికి ఇంత చక్కటి ఏర్పాటు మరొకటి ఉండదు.

తిరకాసంతా రంగుల్లో ఉంది. పొలానికి పసుపు పడితే ఇళ్లు, అంటే యజమాని దశ తిరిగినట్టే. ఎరుపు పడితే దుకాణాలు, ఆ యజమానిని ఇక పట్టుకోలేం. నీలం పడితే వాననీళ్ల చెరువు. ఎలాగూ మునిగే నేలే కదా అని దానికి మునిగే నేల ధరే కడతారు.

లిండ్సే ట్రెగెన్జా పొలానికి నీలం పడింది. ఇల్లున్న మెరక తప్ప, దాని కిందున్న పల్లం మొత్తానికి పడింది.

లిండ్సే కళ్లద్దాలు తీసి చొక్కాకు తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశాడు. తర్వాత కౌన్సిల్ తరఫున పటం పక్కన నిలబడ్డ అమ్మాయిని పిలిచాడు. ఆమె పేరు ఇమోజెన్ సాబో. పటం గీసిన బృందంలో మనిషి. పొద్దుట్నుంచి అందరి తిట్లూ నవ్వుతూ తింటోంది.

“అమ్మాయ్, ఇటు రా. మీ పటం మీద రంగు ఒలికింది.”

“ఒలకలేదండీ. అది మీ పొలమా?”

“నాదే. ముప్పై ఏళ్లు ఆవుల్ని మేపాను అందులో. చెరువంటావేంటి?”

“మరి ఏటా ఆగస్టులో నిండుతుంది కదండీ.”

“ఎవరు చెప్పారు నీకు?”

ఇమోజెన్ ఫోన్ తీసి చూపించింది. నేనూ తొంగి చూశాను. మోకాలు లోతు నీళ్లలో ఒక రేకు స్నానాల తొట్టి తేలుతోంది. తొట్టిలో లిండ్సే. తలమీద అట్టముక్కతో చేసిన నౌకాదళపతి టోపీ, ముఖం నిండా నవ్వు. వెనకాల ఊరంతా ఒడ్డున నిలబడి చప్పట్లు కొడుతోంది.

ఆ ఫొటో వెనక కథ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. చాలా ఏళ్ల కిందట ఒక ఆగస్టులో విడవకుండా వానలు కురిసి లిండ్సే పల్లం నిండింది. ఆటలు లేక, పనులు లేక మగాళ్లందరికీ పిచ్చెక్కింది. లిండ్సే తన స్నానాల తొట్టి పీకి తెచ్చి నీళ్లలో దించాడు. మర్నాటికి ఊరంతా పీపాలూ పాత తలుపులూ కట్టిన తెప్పలతో పందేలకు దిగింది. చూడ్డానికి వచ్చినవాళ్ల దగ్గర టోపీ పట్టి వసూలు చేసి ఆ డబ్బు అగ్నిమాపక దళానికి ఇచ్చారు. మా దళంలో జీతగాళ్లు లేరు, అంతా ఊరివాళ్లే. మరుసటి ఏడు చుట్టుపక్కల ఊళ్లవాళ్లూ వస్తామన్నారు. డేరాలు మాట్లాడారు, నాకు కేకులకు ఆర్డరిచ్చారు. వాన మాత్రం రానంది.

దళం కెప్టెన్ గార్త్ ఆకెండెన్. లిండ్సేకి పక్క పొలం వాడు, చిన్ననాటి స్నేహితుడు. మా వైపు ఆగస్టంటే చలికాలం, అడవి మంటలుండవు కాబట్టి చెయ్యి మరిచిపోకుండా దళం వాళ్లు పంపు కొట్టడం అభ్యాసం చేయాలి. కొట్టిన నీళ్లు ఎక్కడో ఒకచోట పోయాల్సిందే కదా అన్నాడు గార్త్. తన పొలంలోని మడుగు నుంచి ఫైరింజన్‌తో తోడి లిండ్సే పల్లంలో పోశాడు. పందెం సగంలో ఉండగానే నీళ్లన్నీ నేలలోకి ఇంకిపోయి తెప్పలన్నీ బురదలో కూర్చున్నాయి. దానికీ లిండ్సేనే ఉపాయం కనిపెట్టాడు. ఆ తర్వాతి ఏడు నుంచి పందేల ముందురోజు కొద్దిగా నీళ్లు పోసి, బ్యాండు పెట్టి, ఊరందరిచేతా బురదలో డాన్సు చేయించేవాడు. “తొక్కండి, బాగా తొక్కండి! నేల గట్టిపడితే నీళ్లు నిలుస్తాయి!” అని తనే ముందు దూకేవాడు.

పందేల్లో లౌడ్‌స్పీకర్ పట్టుకుని, “ప్రకృతిమాత ఈ ఏడు కూడా మనల్ని కరుణించింది!” అని అరిచేదాన్ని నేను. పక్కనే ఫైరింజన్ గొట్టం చుట్టుకుంటున్న గార్త్ తల వంచి దండం పెట్టేవాడు. ఊరు పగలబడి నవ్వేది. బయటివాళ్లు నిజమనుకునేవారు. నగరం పత్రికల్లో వరదల ఊరి పండుగ అని ఫొటోలు పడేవి. మాకది ఇంకా పెద్ద నవ్వు.

“ఓసి పిచ్చిపిల్లా! అవి మేం తోడిన నీళ్లు!” అన్నాడు లిండ్సే ఇమోజెన్‌తో, పొట్ట పట్టుకుని నవ్వుతూ. “వాన నీళ్లు కావు. ఫైరింజన్‌తో తోడాం. కావాలంటే అడుగు, ఇక్కడ ఎవర్నైనా అడుగు.”

ఇమోజెన్ వేలు పటం మీద కాస్త పక్కకు జరిగింది. “మీది కాకపోతే మరి ఆ తర్వాత పల్లం ఇదండీ. గార్త్ ఆకెండెన్ గారి వాగు మూల, దాన్ని ఆనుకున్న ఈ మూడు పొలాలు.”

హాల్లో అందరూ ఒక్కసారిగా మూలనున్న టీ పాత్ర వైపు తిరిగారు. అంతమందికి ఒకేసారి దాహం వేయడం నేనెప్పుడూ చూడలేదు.

ఇక్కడ ఏవిస్ గురించి చెప్పాలి. లిండ్సే భార్య. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన పిల్ల, మంచం మీద పడుకుంటే అలల చప్పుడు వినిపించే ఇంట్లో. నాలుగేళ్లు పాలవ్యాపారం చేసి, ఆ తర్వాత నిన్ను మళ్లీ సముద్రం దగ్గరికి, కిటికీలోంచి నీళ్లు కనిపించే ఇంటికి తీసుకెళ్తానని చెప్పి లిండ్సే పెళ్లి చేసుకున్నాడు. ఆవులు ఒప్పుకోలేదు. ఆవులు పోయాక మోకాళ్లు ఒప్పుకోలేదు. కొన్నేళ్లుగా ఆమె అడిగినప్పుడల్లా అతను చెప్పేది ఒకటే: “పసుపు పడనీ ఏవిస్. పడ్డ మర్నాడే వెళ్లిపోదాం.” ఆ రోజు హాల్లో ఆమె కోటు గుండీలు పెట్టుకుంటూ నీలం వైపు చాలాసేపు చూసింది.

నీలం వద్దనుకునేవాళ్లు నగరం నుంచి వచ్చే విచారణ సంఘం ముందు సాక్ష్యాలతో చెప్పుకోవచ్చన్నారు. లిండ్సే గార్త్‌ని వెతుక్కుంటూ నా బేకరీకి వచ్చాడు. గార్త్ రోజూ ఆ వేళకి కిటికీ పక్కన కూర్చుని మాంసం కూరి కాల్చిన పై తింటాడు.

“ఒరేయ్ గార్త్, విచారణలో ఒక్క మాట చెప్పరా. పంపు కొట్టింది నువ్వేనని చెప్పు, చాలు.”

“ఏ పంపు?”

“ఏ పంపేంట్రా! ఫైరింజన్ పంపు. నీ మడుగులోంచి నా పల్లంలోకి.”

“దళం అభ్యాసం చేసిందంటే చేసింది. నీళ్లు ఎటు పోయాయో ఎవడు చూశాడు?”

“నువ్వు చూశావు! నా తొట్టిలో నాకెదురుగా కూర్చున్నావు కదరా, తెడ్డు పట్టుకుని!”

“అప్పుడు మందేసున్నాను.”

“ఇన్నేళ్లూనా?”

గార్త్ చేతిలోని పై కొరికి, నా వైపు తిరిగి, “నోరీన్, ఇవాళ ఉప్పు కాస్త ఎక్కువైంది” అన్నాడు.

“ఉప్పు సరిగ్గానే ఉంది. తినేవాడికి సిగ్గే తక్కువైంది” అన్నాను. నాకు ఒళ్లు మండిపోయింది మరి.

గార్త్ తింటున్న పై పక్కన పెట్టేశాడు. మొహం ఎర్రబడింది. “ఏం చెప్పమంటావురా లిండ్సే? నీ నీలం చెరిపేస్తే అది నాకు పడుతుంది. నాకొక్కడికే కాదు, మన దళంలో సగంమందికి పడుతుంది. నువ్వే నా చోట ఉంటే ఏం చేసేవాడివి? నిజం చెప్పు.”

లిండ్సే వెంటనే జవాబు చెప్పి ఉంటే బాగుండేది. టోపీ చేతిలో తిప్పుకుంటూ వెళ్లిపోయాడు. గార్త్ మిగతా పై తినలేదు, డబ్బులు మాత్రం ఇచ్చాడు.

విచారణ ఊరి హాల్లోనే పెట్టారు. నగరం నుంచి వచ్చిన అధ్యక్షురాలు మంచి ఓపిక గల మనిషి. ఒక్కొక్కర్నీ పిలిచి అడిగింది. ఏ ఏడు ఎవరి తెప్ప ముందొచ్చిందో, ఎవరు ఎవరిని నీళ్లలోకి తోశారో మావాళ్లకి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. నీళ్లు ఎక్కడివి అంటే మాత్రం నోట్లో నాలుక లేదు. బడి పంతులమ్మ, “నీళ్లు నీళ్లేనండీ, వాటికి ఊరూ పేరూ ఏముంటాయి?” అంది. జీవితంలో ఆవిడ చెప్పిన ఒకే ఒక్క తాత్విక మాట అదే.

చివరికి నేను లేచాను. పంపు సంగతి, మడుగు సంగతి, డాన్సు సంగతి పూసగుచ్చినట్టు చెప్పాను. కౌన్సిల్ ఇంజనీరు ఒకాయన వినయంగా ఒక వీడియో పెట్టాడు. అందులో నా గొంతు హాలంతా మోగింది.

“ప్రకృతిమాత కరుణించిందంటున్న ఈ గొంతు ఎవరిది?” అంది అధ్యక్షురాలు.

“నాదే. అది తమాషాకి.”

“మరి ఇప్పుడు చెప్తున్నది?”

“ఇది నిజం.”

“రెండూ ఒకేలా గట్టిగా చెప్తున్నారండీ, అదే నా ఇబ్బంది.”

హాలంతా నవ్వింది. గార్త్ కూడా నవ్వాడు. నేను కూర్చున్నాను. అంత కోపంలోనూ, ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ నాకు కనిపించలేదు.

అప్పుడు లిండ్సే లేచాడు. “అమ్మా, వీళ్లెవరి సాక్ష్యమూ నాకక్కర్లేదు. నా నేలే చెప్తుంది. ఈ ఆగస్టులో పందేలు పెట్టం, పంపు ముట్టుకోం. మీ ఇంజనీరుని పంపండి. వాన పడ్డాక నా పల్లంలో నీళ్లు నిలిస్తే, మీరు ఏ రంగు పులుముకున్నా నేను నోరెత్తను.”

పక్కన కూర్చున్న ఏవిస్ అతని మోచెయ్యి పట్టి లాగింది. “నోరెత్తననే మాట ఎందుకు? ఆ ఒక్కటీ వెనక్కి తీసుకో.”

“నిలవవే. ముప్పై ఏళ్లు తొక్కిన నేల, నాకు తెలీదా?”

అధ్యక్షురాలికి ఆ ఏర్పాటు న్యాయంగానే తోచింది. మాకూ అలాగే తోచింది.

ఆ ఏడు ఆగస్టులో డేరాలు లేవు, బ్యాండు లేదు, నా దగ్గర కేకులు కొన్నవాళ్లు లేరు. వాన వచ్చింది. పెద్ద వానేమీ కాదు, ఏటా వచ్చే మామూలు వానే. వెలిశాక ఇంజనీరు వచ్చాడని తెలిసి ఊరంతా ఏదో పని ఉన్నట్టు ఆ కంచె దగ్గరికి చేరింది. ముందు గార్త్ వాగు మూల చూశారు. అక్కడ నీళ్లు వచ్చిన గుర్తుంది, నీళ్లు లేవు. వచ్చినవి వచ్చినట్టే ఇంకిపోయాయి. గార్త్ గట్టిగా ఊపిరి వదలడం నాకు వినిపించింది.

లిండ్సే పల్లంలో నీళ్లు ఉన్నాయి. ఇటు చివర్నుంచి అటు చివరిదాకా, నిండుగా, కదలకుండా ఉన్నాయి. రెండు బాతులు కూడా వచ్చేసి ఉన్నాయి.

“ఎవడో పోశాడు! ఎవడో రాత్రికి రాత్రి తోడి పోశాడు!” అని అరిచాడు లిండ్సే. గార్త్ వైపు తిరిగాడు. “నువ్వే!”

“ఒట్టురా. ఫైరింజన్ షెడ్డులోంచి కదల్లేదు. నా పిల్లల మీద ఒట్టు.” ఈసారి గార్త్ అబద్ధం చెప్పడం లేదని అందరికీ తెలిసిపోయింది, లిండ్సేకి కూడా.

ఇంజనీరు మోకాళ్ల దాకా బూట్లు వేసుకుని నీళ్లలో దిగి, ఒక ఇనప గొట్టం నేలలోకి తిప్పుతూ దించబోయాడు. అది దిగలేదు. బలమంతా పెట్టి తిప్పితే చివరికి కాస్త మట్టి పైకొచ్చింది. బూడిదరంగు బంకమన్ను, ఇటుకలా ఉంది. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని ముద్దుగా చూశాడు.

“ఎవరు చేయించారండీ ఈ పని? చెరువు అడుగు ఇంత గట్టిగా కావాలంటే మేం రోలర్లు పెట్టి నెలల తరబడి తొక్కించాలి. ఇందులోంచి చుక్క కిందికి దిగదు.”

ఎవరు చేయించారో అందరికీ తెలుసు. ఏటేటా నీళ్లు పోసి, బ్యాండు పెట్టి, ఊరందరి కాళ్లతో తొక్కించి, దమ్ము చేసిన వరిమడిలా చేసి పెట్టాం ఆ నేలని. మొదటిసారి పంపుతో పోసిన ఏడు మమ్మల్ని వెక్కిరించి ఇంకిపోయిన నీళ్లు ఇప్పుడు నిజంగా నిలిచాయి. లిండ్సే పార తెచ్చి ఒడ్డున ఒక దెబ్బ వేశాడు. పార ఖంగుమని తిరిగొచ్చింది. ఇంకో దెబ్బ వేయబోతుంటే ఏవిస్ వచ్చి పార పట్టుకుంది.

“చాల్లే. ఇంటికి పద, టీ పెడతాను” అంది.

లిండ్సే మాట మీద నిలబడ్డాడు. నోరెత్తలేదు. పటం ఖాయమైంది. చెరువు అడుగు చేయించే ఖర్చు మిగిలిందని, కంపెనీలు కట్టాల్సిన హెక్టారు రేటు ఆ మేరకు తగ్గించారు. కౌన్సిల్ పత్రికలో దాన్ని గొప్ప పొదుపని రాశారు. మంచి ప్రణాళిక ఫలితమని కూడా రాశారు. పొదుపు ఎవరి కాళ్లదో రాయలేదు. లిండ్సేకి మునిగే నేల ధర ముట్టింది. దాంతో మోకాళ్ల ఆపరేషన్ అయింది, ఇంటి కప్పు బాగుచేయించుకున్నారు. సముద్రం దాకా రాలేదు.

ఇప్పుడు వచ్చి చూడండి మా ఊరు. రోడ్లు బాగున్నాయి, బడి బాగుంది, నా బేకరీలో కూడా కూర్చోడానికి చోటు దొరకడం లేదు. పటం గీసినవాళ్లని నేను తిట్టను, వాళ్ల పని వాళ్లు శుభ్రంగా చేశారు. చెరువు చుట్టూ నడవడానికి చెక్క బాట వేశారు, రెల్లు నాటారు. అవతలి ఒడ్డున, గార్త్ పొలంలో లేచిన కాలనీకి రెగట్టా వాటర్స్, అంటే పడవపందేల నీళ్లు, అని పేరు పెట్టారు. నీళ్లు కనిపించే ప్లాట్లకి ధర ఎక్కువ. బోర్డు మీద తొట్టిలో కూర్చున్న నౌకాదళపతి బొమ్మ కూడా వేశారు, లిండ్సేని అడగకుండానే. ఒడ్డున కౌన్సిల్ పాతిన ఇంకో బోర్డు ఉంది: పడవలు నిషేధం, నీళ్లలో దిగరాదు.

గార్త్ పొలం అమ్మేసి సముద్రం ఒడ్డున ఇల్లు కొనుక్కున్నాడు. ఏవిస్ పుట్టిన ఊళ్లోనే. వేరే ఊరు దొరకలేదా అని ఫోన్ చేసి అడిగాను. పెళ్లయి వచ్చినప్పట్నుంచీ ఏవిస్ ఆ ఊరి గురించి చెప్తుంటే వినీ వినీ ఆశపుట్టిందన్నాడు. లిండ్సే ఎలా ఉన్నాడని అడిగాడు. నువ్వే ఫోన్ చేసి అడుగు అని పెట్టేశాను.

మొన్న ఆదివారం వాళ్లింటికి లామింగ్టన్ కేకులు పట్టుకెళ్లాను. వంటింటి కిటికీ నిండా చెరువే కనిపిస్తోంది. గాలికి నీళ్లు చిన్నగా లేచి ఒడ్డుకు తగులుతున్నాయి, చెవి పెట్టి వింటే చప్పుడు కూడా ఉంది. లిండ్సే బల్ల దగ్గర కూర్చుని కేకు మీది కొబ్బరి తురుము ఒక్కొక్కటీ ఏరుతున్నాడు. తలెత్తడం లేదు.

“బాగుంది ఏవిస్, ఇక్కణ్నుంచి చూస్తుంటే” అన్నాను, ఏదో ఒకటి అనాలని.

“బాగుండకేం. పెళ్లికి ముందు మాటిచ్చాడు నోరీన్, కిటికీలోంచి నీళ్లు చూపిస్తానని. ఊరందరి చేతా తొక్కించి మరీ చూపించాడు.”

ఆమె గొంతులో కోపం ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. లేదు. టీ పోసి లిండ్సే ముందు పెట్టింది. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్లి కర్టెన్ లాగేసి, పట్టపగలే లైటు వేసింది.